ఖాళీ కడుపు, క్షీణించిన దేహం: ఉదర శస్త్రచికిత్సకు ముందు పోషణ – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: ఉదర శస్త్రచికిత్సకు సిద్ధమయ్యే రోగి ఆహారం గురించి వైద్యచరిత్రలో రెండు వేర్వేరు ప్రశ్నలు కనిపిస్తాయి. శస్త్రచికిత్స నాటి ఉదయం కడుపు ఖాళీగా ఉండాలా అన్నది ఒకటి. ఆ ఉదయానికి ముందు వారాలలో, నెలలలో దేహం ఎంత క్షీణించింది అన్నది మరొకటి. మొదటి ప్రశ్న కఠిన నియమంగా స్థిరపడగా, రెండవది చాలాకాలం కొలతకు అందకుండా మిగిలిపోయింది. సుశ్రుతసంహిత మొదలుకొని ఇటీవలి మార్గదర్శకాల వరకు ఈ రెండు ప్రశ్నలు ఎలా కలగలిసిపోయాయో, ఎలా విడివడ్డాయో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: ఉపవాసం, పోషణ, ఉదర శస్త్రచికిత్స, సుశ్రుతసంహిత, బరువు నష్టం, సిర పోషణ.

1. ఉపోద్ఘాతం

తెలుగువారి ఆరోగ్య వ్యవహారంలో ఆహారం మానడానికి ఉన్న గౌరవం ఆహారం తీసుకోవడానికి ఉన్నట్లు కనిపించదు. 'లంఖణం పరమౌషధం' అన్న నానుడి ఇంటింటా వినిపిస్తుంది. జ్వరం వస్తే లంఖణం, మందు వేసుకుంటే పథ్యం, రక్తపరీక్షకు పరగడుపు. ఈ మూడు మాటలూ ఏదో ఒకటి తినకుండా ఉండడాన్నే సూచిస్తాయి. పథ్యం అన్న సంస్కృత పదానికి హితమైనది, తినదగినది అని అర్థం ఉన్నా, వాడుకలో అది తినకూడని వాటి జాబితాగా మారిపోయింది. ఆసుపత్రిలో శస్త్రచికిత్సకు ముందురోజు నర్సు చెప్పే 'రాత్రి పన్నెండు తర్వాత మంచినీళ్లు కూడా తాగొద్దు' అన్న మాటను రోగి బంధువులు ఏ ప్రశ్నా లేకుండా స్వీకరించడంలో ఈ పూర్వసంస్కారం పాత్ర కొంత ఉన్నది.

అయితే ఆ నియమం లంఖణ సిద్ధాంతం నుంచి రాలేదు. దానికి వేరే చరిత్ర ఉన్నది. కడుపులోని పదార్థం మత్తులో ఉన్న రోగి ఊపిరితిత్తులలోకి పోతుందన్న భయం దానికి మూలం. ఆ భయం సహేతుకమైనదే. చిక్కంతా అది కొన్ని గంటలకు సంబంధించిన జాగ్రత్త కావడంలో ఉన్నది. జీర్ణాశయ కాన్సర్‌తోనో, పేగు క్షయతోనో నెలల తరబడి అన్నం సహించక చిక్కిపోయిన మనిషి శస్త్రచికిత్స బల్ల మీదికి వచ్చినప్పుడు, అతని ప్రాణానికి ఆ కొన్ని గంటల ఖాళీ కంటే ఆ కొన్ని నెలల ఖాళీ పెద్ద ప్రమాదం. ఈ భేదాన్ని అంకెలతో నిరూపించడానికి 1936 వరకు, ఆచరణలోకి తేవడానికి మరో అర్ధశతాబ్దం పట్టింది.

2. సుశ్రుతసంహిత: ఎవరికి భోజనం, ఎవరికి ఉపవాసం

శస్త్రకర్మకు ముందు ఆహారం గురించి స్పష్టమైన విధులు చెప్పిన ప్రాచీన గ్రంథాలలో సుశ్రుతసంహిత ముఖ్యమైనది. సూత్రస్థానం ఐదవ అధ్యాయమైన అగ్రోపహరణీయంలో, శస్త్రకర్మకు కావలసిన సంభారాలను చెప్పిన తర్వాత, రోగికి లఘువైన భోజనం పెట్టి తూర్పుముఖంగా కూర్చోబెట్టాలన్న విధి ఉన్నది. అదే స్థానం పదిహేడవ అధ్యాయం దీనికి కారణం చెబుతుంది. అన్నం తిన్న రోగి శస్త్రకర్మ సమయంలో మూర్ఛపోడు. మద్యం అలవాటున్నవాడికి మద్యం ఇస్తే శస్త్రపు నొప్పి తెలియదు. మత్తుమందు లేని కాలంలో నొప్పిని భరించే సత్తువ ఆహారం నుంచే రావాలి. అందువల్ల ఆనాటి సాధారణ నియమం భోజనమే, ఉపవాసం కాదు.

ఆ నియమానికి ఐదవ అధ్యాయమే ఒక మినహాయింపు చెబుతుంది. మూఢగర్భం, ఉదరం, అర్శస్సు, అశ్మరి, భగందరం, ముఖరోగం – ఈ ఆరింటిలో రోగి భుజించకుండా ఉన్నప్పుడే కర్మ చేయాలి. ఇక్కడ ఉదరమంటే అవయవం కాదు, వ్యాధి. ఆయుర్వేదం ఎనిమిది ఉదరరోగాలను లెక్కిస్తుంది. వాటిలో పేగు మూసుకుపోయే బద్ధగుదోదరం, పేగు చిల్లుపడి స్రవించే పరిస్రావ్యుదరం, నీరు నిండే జలోదరం శస్త్రంతో ముడిపడినవి. చికిత్సాస్థానం పద్నాలుగవ అధ్యాయంలో పొట్ట కోసి పేగులను బయటికి తీసి పరీక్షించడం, చిల్లుపడిన చోట నల్లచీమలతో కరిపించి అతికించడం వర్ణితమైనాయి. ఈ ఆరు వ్యాధులలో నోటి జబ్బును పక్కన పెడితే మిగిలినవన్నీ నాభి పరిసరాల నుంచి దిగువ భాగాలకు సంబంధించినవే. నిండిన కడుపు, నిండిన పేగు శస్త్రానికి అడ్డు వస్తాయన్న అనుభవం ఈ పట్టిక వెనుక ఉండి ఉండాలి.

ఈ గ్రంథంలో ఖాళీ కడుపు ఒక పరిమిత విధి మాత్రమే. రోగి బలం గురించిన ఆలోచన దానికి సమాంతరంగా నడుస్తుంది. జలోదరంలో నీరు తీసిన తర్వాత ఆరు నెలలు పాలతో గాని జాంగల మాంసరసంతో గాని, తరువాత మూడు నెలలు నీళ్లు కలిపిన పాలు వంటి వాటితో, చివరి మూడు నెలలు లఘువైన అన్నంతో పోషించాలని చెప్పడం చూస్తే, ఉదరరోగి విషయంలో ఆహారాన్ని సంవత్సరం లెక్కన ఆలోచించారని తెలుస్తుంది. దీనికి మరో పార్శ్వం కూడా ఉన్నది. అశ్మరి శస్త్రానికి ముందు రోగిని స్నేహనంతో సిద్ధం చేసి, దోషాలను తొలగించి, 'ఈషత్కర్శితుడిని' చేయాలని, అంటే కొద్దిగా కృశింపజేయాలని, చికిత్సాస్థానం ఏడవ అధ్యాయం అంటుంది. కనుక ప్రాచీనులకు ఆధునిక పోషణ సిద్ధాంతమంతా ముందే తెలుసునని వాదించడం సరికాదు. భోజనం, ఉపవాసం, కర్శనం మూడింటినీ రోగాన్ని బట్టి, రోగిని బట్టి నిర్ణయించారన్నంత వరకే ఈ గ్రంథం నుంచి చెప్పగలం.

3. మత్తుమందు తెచ్చిన మార్పు

1846లో ఈథర్, 1847లో క్లోరోఫాం రావడంతో భోజనానికి ఉన్న పాత కారణం పోయింది. నొప్పిని ఓర్చుకోవడానికి తిని రావలసిన అవసరం ఇక లేదు. 1848 జనవరి 28న ఇంగ్లండులో కాలిగోరు తీయించుకోవడానికి వచ్చిన పదిహేనేళ్ల హానా గ్రీనర్ క్లోరోఫాం ఇచ్చిన కొద్ది నిమిషాలలోనే మరణించింది. ఆమెను తేర్పించడానికి నోట్లో పోసిన నీళ్లు, బ్రాందీ గొంతుకు అడ్డుపడి ఊపిరాడక పోయిందని జేమ్స్ యంగ్ సింప్సన్ వాదించాడు. మత్తులో మింగుడు శక్తి పోతుందన్న ఎరుక అప్పటినుంచి బలపడింది. క్లోరోఫాం మరణాల వివాదం తరువాత హైదరాబాదుకు కూడా వచ్చింది. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ చొరవతో, నిజాం ఆర్థిక సహాయంతో 1888, 1889లలో రెండు క్లోరోఫాం సంఘాలు ఇక్కడ ప్రయోగాలు జరిపాయి. శ్వాస ముందు ఆగుతుందా, గుండె ముందు ఆగుతుందా అన్నదే ఆ సంఘాల ప్రధాన చర్చ.

ఉపవాసం గురించి ఆ తరంలో అతివాదం లేదు. 1883లో జోసెఫ్ లిస్టర్, క్లోరోఫాం ఇచ్చే సమయానికి కడుపులో ఘనపదార్థం ఉండకూడదంటూనే, సుమారు రెండు గంటల ముందు ఒక కప్పు టీ గాని మాంసరసం గాని ఇవ్వడం మేలని రాశాడు. ఘనానికీ ద్రవానికీ మధ్య అతను గీసిన ఈ గీతను వైద్యలోకం తరువాత చెరిపివేసి, నూరేళ్లకు పైగా గడిచాక మళ్లీ గీసుకున్నది.

ఉదర శస్త్రచికిత్స ఆ దశాబ్దంలోనే కొత్త రూపం తీసుకుంది. 1881 జనవరి 29న వియన్నాలో థియోడోర్ బిల్‌రోత్, తెరేజ్ హెల్లర్ అనే 43 ఏళ్ల స్త్రీకి కాన్సర్‌తో మూసుకుపోయిన జీర్ణాశయ భాగాన్ని తొలగించి మిగిలిన దాన్ని పేగుతో కలిపి కుట్టాడు. శస్త్రానికి ముందు ఆమె కడుపును గోరువెచ్చని నీటితో కడిగారు. ఆమె కోలుకున్నది గాని, కాన్సర్ తిరగబెట్టి సుమారు నాలుగు నెలలకు మరణించింది. ఈ శస్త్రం ఎవరికి అవసరమో వారే తినలేనివారన్న వైరుధ్యం అప్పుడే బయటపడింది. తినలేని రోగికి మలద్వారం గుండా మాంసరసం, గుడ్డు ఎక్కించే పద్ధతి ఆనాడు ప్రచారంలో ఉండేది. అదే ఏడాది తుపాకి గాయంతో మంచం పట్టిన అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్‌కు వైద్యులు ఆ పద్ధతినే వాడారు. పెద్దపేగు మాంసకృత్తులను చెప్పుకోదగినంతగా గ్రహించలేదు. ఆయన నానాటికీ కృశించి సెప్టెంబరు 19న కన్నుమూశాడు. గాయపు చీము ఆయన మరణానికి ప్రధాన కారణమైనా, ఆహారం పేరుతో జరిగినది ఆహారం కాదన్న సంగతి మాత్రం మిగిలింది.

4. తూకపు యంత్రం చెప్పిన సత్యం

1936లో క్లీవ్‌ల్యాండ్‌కు చెందిన హైరమ్ స్టడ్లీ అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఒక చిన్న వ్యాసం ప్రచురించాడు. దీర్ఘకాలిక జీర్ణకోశ వ్రణానికి శస్త్రచికిత్స చేయించుకున్న 46 మంది రోగులే అతని ఆధారం. కొందరు ఎందుకు మరణించారో తెలుసుకోవడానికి అతను వారి వయస్సును, గుండె ఊపిరితిత్తుల స్థితిని, శస్త్రచికిత్స రకాన్ని ఒక్కొక్కటిగా పరిశీలించాడు. ఏదీ మరణాలను పూర్తిగా వివరించలేదు. చివరికి మిగిలింది బరువు. మామూలు బరువులో 20 శాతం లేదా అంతకు మించి కోల్పోయినవారిలో మరణాలు 33.3 శాతం. అంతకంటే తక్కువ కోల్పోయినవారిలో 3.5 శాతం.

అంకెలు చిన్నవి. మొదటి వర్గంలో 18 మందిలో ఆరుగురు, రెండవ వర్గంలో 28 మందిలో ఒక్కరు. ఈనాటి పరిశోధన ప్రమాణాలతో చూస్తే దీనిని నిరూపణ అనడానికి సంకోచించవలసి వస్తుంది. బరువు తగ్గడం కేవలం రోగతీవ్రతకు గుర్తు కావచ్చు గదా అన్న ఆక్షేపణ కూడా సమంజసమే. అయినా ఈ వ్యాసం చరిత్రలో నిలిచిపోవడానికి కారణం ఉన్నది. అంతవరకు 'రోగి నీరసించాడు' అన్న వర్ణనగా ఉన్నదాన్ని స్టడ్లీ శాతంగా మార్చాడు. అందుకు అతనికి కావలసివచ్చింది ఒక తూకపు యంత్రం, రోగి పూర్వపు బరువు.

ఆ శాతం వెనుక జరిగే క్రియను ఇతరులు అదే దశకంలో వెతికారు. గ్లాస్గోలో డేవిడ్ కత్‌బర్ట్‌సన్ ఎముక విరిగిన రోగుల మూత్రంలో నత్రజని అధికంగా పోతున్నట్లు చూపాడు. గాయపడిన దేహం తన కండరాలనే కరిగించి వాడుకుంటుందని దీనివల్ల తెలిసింది. అంటే శస్త్రం తానే ఒక గాయంగా ఆ కండరాల నిల్వ మీద అప్పు తీసుకుంటుంది. నిల్వ అప్పటికే ఖర్చయిపోయిన రోగి దగ్గర ఆ అప్పు పుట్టదు. 1938లో పెన్సిల్వేనియాలో థాంప్సన్, రావ్‌డిన్, ఫ్రాంక్ రక్తంలో మాంసకృత్తులు తగ్గించిన కుక్కలలో పొట్ట మీది కోత సరిగా అతకక విచ్చుకుపోవడాన్ని గమనించారు. పేగును పేగుతో కలిపి కుట్టే శస్త్రకారుడికి ఇంతకంటే భయంకరమైన వార్త ఉండదు. పొట్ట పైకోత విచ్చుకుంటే కంటికి కనిపిస్తుంది. లోపలి కుట్టు విచ్చుకుంటే చీము, జ్వరం వచ్చాకే తెలుస్తుంది.

ఇంత తెలిసినా ఆసుపత్రులలో స్థిరపడిన నియమం వేరొకటి. 1946లో న్యూయార్క్‌కు చెందిన కర్టిస్ మెండెల్సన్ 44,016 కాన్పులను పరిశీలించి, మత్తులో కడుపులోని పదార్థం ఊపిరితిత్తులలోకి పోయిన 66 సందర్భాలను నమోదు చేశాడు. ఇద్దరు మరణించారు. ఆ ఇద్దరికీ అడ్డుపడినది ఘనాహారం. ద్రవం లోపలికి పోయినవారిలో మరణాలు లేవు. అయినా ఆ తరువాతి దశాబ్దాలలో అర్ధరాత్రి తర్వాత ఏదీ నోట పెట్టరాదన్న సూత్రం ఘనానికీ ద్రవానికీ, కాన్పుకూ కంటి శస్త్రానికీ తేడా లేకుండా అందరికీ వర్తించింది. ఇటువంటి నియమాన్ని పాటించడం సులభం. ఒక బోర్డు చాలు. రోగి ఆరు నెలలలో ఎంత తగ్గాడో అడిగి రాయడానికి మాత్రం బోర్డు చాలదు.

5. సిర ద్వారా అన్నం

తినలేని రోగికి ఆహారం ఎలా అన్న ప్రశ్నకు సెయింట్ లూయీలో రాబర్ట్ ఎల్మన్ 1930లలో ఒక దారి చూపాడు. పాలలోని కేసీన్‌ను విడగొట్టి అమైనో ఆమ్లాల రూపంలో సిరలోకి ఎక్కించాడు. కానీ రోజుకు సరిపడా శక్తి ఇవ్వాలంటే గ్లూకోజు గాఢత పెంచాలి, గాఢమైన గ్లూకోజు చేతిలోని సన్నని సిరలను దెబ్బతీస్తుంది. స్వీడన్‌లో ఆర్విడ్ రెట్లిండ్ 1960ల ఆరంభంలో కొవ్వు ద్రావణం తయారుచేసి ఈ చిక్కును ఒకవైపు నుంచి విప్పాడు.

మరోవైపు నుంచి విప్పినవాడు ఫిలడెల్ఫియాలో జొనాథన్ రోడ్స్ శిష్యుడు స్టాన్లీ డడ్రిక్. శిక్షణ తొలినాళ్లలో, శస్త్రచికిత్స సాంకేతికంగా సఫలమైన రోగులు కొందరు తన కళ్లముందే మరణించడం తనను ఈ పనికి పురికొల్పిందని ఆయన తరువాత చెప్పుకున్నాడు. గుండె దగ్గరి పెద్ద సిరలోకి గొట్టం పంపితే అక్కడి రక్తప్రవాహం గాఢమైన ద్రావణాన్ని వెంటనే పలుచన చేస్తుంది. బీగిల్ జాతి కుక్కపిల్లలను ఈ పద్ధతిలో కేవలం సిర పోషణతో పెంచి, మామూలుగా తిన్న పిల్లలతో సమానంగా పెరిగాయని చూపారు. 1967లో పేగులు చాలామటుకు లేని ఒక పసికందును ఈ విధంగా పోషించారు. 1968లో వెలువడిన వారి వ్యాసం తర్వాత సిర పోషణ ప్రపంచమంతా వ్యాపించింది.

తరువాత వచ్చిన ఉత్సాహానికి హద్దు లేకపోయింది. 1974లో బిస్ట్రియన్, బ్లాక్‌బర్న్ బృందం పట్టణ ఆసుపత్రిలోని శస్త్రరోగులలో సుమారు సగం మందికి మాంసకృత్తుల లోపం ఉన్నదని ప్రకటించింది. అదే ఏడాది బటర్‌వర్త్ ఆసుపత్రి గోడల మధ్యనే రోగులు ఆకలితో చిక్కిపోతున్నారని, ఆ సంగతిని ఎవరూ పట్టించుకోవడం లేదని ఘాటుగా రాశాడు. 1982లో జర్మనీలో ముల్లర్ బృందం జీర్ణాశయ, పేగు కాన్సర్ ఉన్న 125 మందిపై జరిపిన పరీక్షలో, శస్త్రానికి ముందు పది రోజుల సిర పోషణ మరణాలను, పెద్ద ఉపద్రవాలను తగ్గించినట్లు తేలింది. ఇక అందరికీ సిర పోషణ ఇస్తే సరిపోతుందన్న భావన ప్రబలింది.

1991లో అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల అధ్యయనం దాన్ని సరిదిద్దింది. పోషణ లోపమున్న 395 మందిని రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి శస్త్రానికి ముందు 7 నుంచి 15 రోజులు సిర పోషణ ఇచ్చారు. మొత్తం మీద పెద్ద ఉపద్రవాలలో తేడా లేదు. పైగా సిర పోషణ పొందినవారిలో అంటుదోషాలు 14.1 శాతం, పొందనివారిలో 6.4 శాతం. అయితే తీవ్రంగా క్షీణించిన కొద్దిమందిని విడిగా చూస్తే చిత్రం తిరగబడింది. అంటుదోషేతర ఉపద్రవాలు పోషణ పొందినవారిలో 5 శాతం, పొందనివారిలో 43 శాతం. ఒకే ఔషధం ఒకరికి హాని, మరొకరికి ప్రాణం. స్టడ్లీ తన 46 మందిలో గీసిన 20 శాతం గీత, వేరే రూపంలో, ఇక్కడ మళ్లీ కనిపించింది. సిర పోషణ చరిత్రలో డడ్రిక్ కుక్కపిల్లల ప్రయోగానికి దక్కిన ఖ్యాతి ఈ అధ్యయనానికి దక్కలేదు గాని, రోగి పక్షాన చూస్తే దీని విలువే ఎక్కువ.

6. మళ్లీ నోటికి

పేగు పనిచేస్తున్నప్పుడు దాన్నే వాడాలన్న సూత్రం ఈ ఫలితాల తర్వాత బలపడింది. నోటి ద్వారా, అది కుదరకపోతే ముక్కు గొట్టం ద్వారా, ఆ రెండూ చాలకపోతేనే సిర ద్వారా అన్న క్రమం ఏర్పడింది. ఉపవాస నియమం కూడా ఇదే కాలంలో సడలింది. 1986లో కెనడాలో మాల్ట్‌బీ బృందం శస్త్రానికి రెండు మూడు గంటల ముందు 150 మిల్లీలీటర్ల నీరు తాగినవారి కడుపులో ద్రవం పెరగలేదని చూపింది. 1999లో అమెరికా మత్తువైద్యుల సంఘం వడగట్టిన ద్రవాలకు రెండు గంటలు, తేలికపాటి ఆహారానికి ఆరు గంటలు చాలునన్నది. లిస్టర్ కప్పు టీ 116 ఏళ్లకు తిరిగి వచ్చింది. అయితే పాలు కలిపిన మన టీకి ఈ రెండు గంటల సడలింపు వర్తించదు.

స్వీడన్‌లో ఊల్లె యుంగ్‌క్విస్ట్ ఇంకొక అడుగు వేశాడు. రాత్రంతా ఉపవాసమున్న దేహంలో శస్త్రం తర్వాత ఇన్సులిన్ సరిగా పనిచేయదు. ముందురాత్రి 800 మిల్లీలీటర్లు, రెండు గంటల ముందు 400 మిల్లీలీటర్లు 12.5 శాతం పిండిపదార్థపు పానీయం ఇస్తే ఈ దోషం తగ్గుతుంది. దప్పిక, ఆకలి, ఆందోళన కూడా తగ్గుతాయి. కానీ ఆ ఉదయం ఇచ్చే పానీయం నెలల క్షీణతకు పరిహారం కాదు. 2001లో డెన్మార్క్ వైద్యుడు కెలెట్ ఆలోచనల ప్రేరణతో ఏర్పడిన త్వరిత స్వస్థత బృందం ఈ పానీయాన్ని తన కార్యక్రమంలో చేర్చుకున్నాక, అనేక చోట్ల పానీయం ఇవ్వడమే పోషణ చికిత్సగా చెలామణి అవుతున్నది. రెండు ఖాళీల మధ్య పాత గందరగోళం కొత్త సీసాలో తిరిగి వచ్చిందనే చెప్పాలి.

7. ఎవరికి, ఎన్ని రోజులు

ఐరోపా పోషణ సంఘం 2017 మార్గదర్శకాలు తీవ్రమైన పోషణ ప్రమాదం ఉన్న రోగికి 7 నుంచి 14 రోజుల పోషణ చికిత్స జరిపాకే పెద్ద శస్త్రం చేయాలంటాయి. కాన్సర్ శస్త్రాన్ని అందుకోసం వాయిదా వేయవలసివచ్చినా సరే. ఆరు నెలలలో 10 నుంచి 15 శాతానికి మించి బరువు తగ్గడం, ఎత్తుకు తగిన బరువు సూచిక 18.5 కంటే తక్కువ కావడం, రక్తంలో ఆల్బుమిన్ లీటరుకు 30 గ్రాముల లోపు ఉండడం వంటివి ఆ ప్రమాదానికి గుర్తులు. రెండు వారాలు ఆగమంటే కాన్సర్ రోగి కుటుంబం హడలిపోతుంది. గడ్డ పెరిగిపోతుందన్న భయానికి జవాబు చెప్పవలసిన బాధ్యత శస్త్రకారుడిదే.

ఆ రెండు వారాలలో ఏం పెట్టాలన్నదీ తేలికైన ప్రశ్న కాదు. రోజుకు కిలో బరువుకు 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలనుకుంటే 45 కిలోల మనిషికి 67 గ్రాములు దాటాలి. 100 గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాములు, ఒక గుడ్డులో ఆరు గ్రాముల చొప్పున ఉంటాయి. జబ్బుపడినవారికి మన ఇళ్లలో అలవాటుగా ఇచ్చే గంజి, సగ్గుబియ్యం జావ, కొబ్బరినీళ్లు ఎంత తాగించినా ఈ లెక్క దరిదాపులకు రాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ నుంచి గోపాలన్ బృందం 1971లో ప్రచురించిన భారతీయ ఆహారాల పోషక విలువల పట్టికలు ఈ లెక్క వేయడానికి కావలసిన అంకెలను సమకూర్చాయి. మరీ క్షీణించినవారికి ఒక్కసారిగా ఎక్కువ పెట్టినా ప్రమాదమే. రక్తంలో ఫాస్ఫేటు పడిపోయి గుండె తడబడుతుంది. శోధన తర్వాత పేయతో మొదలుపెట్టి విలేపి, యూషం, మాంసరసం వరకు మెట్టుమెట్టుగా సాగే ఆయుర్వేదపు సంసర్జన క్రమం వేరే సిద్ధాంతం మీద నిలిచినా, నిదానంగా పెంచాలన్న ఆచరణలో దీనికి దగ్గరగా వస్తుంది.

క్షీణతను గుర్తించడానికి ఖరీదైన పరీక్షలు తప్పనిసరి కావని 1982లో బేకర్, 1987లో డెట్‌స్కీ టొరంటోలో చూపారు. వారి పద్ధతిలో వైద్యుడు రోగిని అడుగుతాడు, ఆపై కండరాలను, చర్మం కింది కొవ్వును, కాళ్లవాపును చేత్తో చూస్తాడు. మొదటి ప్రశ్న ఆరు నెలలలో తగ్గిన బరువు. మన జిల్లా ఆసుపత్రులకు వచ్చే రోగులలో ఎందరికో ఆరు నెలల క్రితపు బరువు తెలియదు. అటువంటివారిని అడగవలసిన ప్రశ్నలు వేరు. మొలతాడు ఎన్నిసార్లు బిగించి కట్టుకున్నారు, జాకెట్టు ఎప్పటినుంచి వదులైంది, గాజులు మోచేతి దాకా జారుతున్నాయా, పండగకు పెట్టుకున్న ఉంగరం ఇప్పుడు వేలికి నిలుస్తున్నదా.